ఫోన్‌లో బాగా ఆడే వీడియో స్టేజీ మీద ఎందుకు ఆగిపోతుంది? టచ్‌డిజైనర్‌కి సరైన వీడియో ఫార్మాట్

ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో 4కే వీడియో వేస్తే ఎక్కడా ఆగకుండా ఆడుతుంది కదా? అదే వీడియోని ఆ ఫోన్ కంటే నాలుగైదు రెట్లు ఖరీదైన లాప్‌టాప్‌లో, టచ్‌డిజైనర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఆగి ఆగి ఆడుతుంది. ఎందుకని?

నేను ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కున్నది పుస్తకంలో కాదు, ఒక పెళ్లి రిసెప్షన్‌లో. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత టెక్నికల్ విషయంలోకి వెళ్దాం.

వైజాగ్‌లో ఒక రిసెప్షన్. స్టేజీ వెనకాల ఎల్ఈడీ వాల్. దాని మీద విజువల్స్ నావి. పాటకి తగ్గట్టు రంగులు మారడం, పూలరేకులు రాలడం, పేర్లు మెరవడం, ఇలాంటివన్నీ టచ్‌డిజైనర్‌లో లైవ్‌గా నడుపుతున్నాను. పెళ్లికూతురి నాన్నగారు అంతకుముందు ఏడాదే పోయారు. వాళ్లమ్మగారు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, "బాబూ, ఆయన మాట్లాడిన వీడియో ఒకటి నా ఫోన్‌లో ఉంది. అమ్మాయి స్టేజీ ఎక్కేటప్పుడు వేస్తావా?" అని అడిగారు. కూతురు ఉద్యోగంలో చేరిన రోజు ఆయన తీసి పంపిన వీడియో అది. నలభయ్యో సెకను దగ్గర ఆయన నవ్వి, కూతుర్ని పేరు పెట్టి పిలుస్తారు. ఆ ముక్క చాలు అన్నారు.

ఫోన్‌లో పదిసార్లు చూశాం. బాగానే ఆడింది. లాప్‌టాప్‌లోకి ఎక్కించి మామూలు ప్లేయర్‌లో చూశాను. అక్కడా బాగానే ఉంది. ఇంకేం, అనుకున్నాను.

రాత్రి అమ్మాయి మెట్లెక్కుతోంది. నేను బటన్ నొక్కాను. వీడియో సరిగ్గా నలభయ్యో సెకను నుంచి మొదలవ్వాలి. తెర బిగుసుకుపోయింది. ఆడియో వచ్చేసింది, ఆయన గొంతు వినిపిస్తోంది, బొమ్మ మాత్రం కదలట్లేదు. రెండు మూడు సెకన్ల తర్వాత ఒక్కసారిగా గెంతింది. అప్పటికి ఆ నవ్వు అయిపోయింది. స్టేజీ మీద ఆ అమ్మాయి వెనక్కి తిరిగి తెర వైపు చూస్తూ నిలబడిపోయింది.

ఇంటికెళ్లాక ఏం తప్పు చేశానో వారం రోజులు కూర్చుని తెలుసుకున్నాను. ఆ వారం రోజుల పాఠమే ఈ ఎపిసోడ్.

ప్లేయర్ వేరు, లైవ్ సాఫ్ట్‌వేర్ వేరు

టచ్‌డిజైనర్, మ్యాక్స్‌లో జిట్టర్, వీవీవీవీ, ఇవన్నీ విజువల్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్లు. కోడ్ టైప్ చేయడం బదులు డబ్బాలు పెట్టి తీగలతో కలుపుతాం. ఒక డబ్బా వీడియో తెరుస్తుంది, ఇంకోటి బ్లర్ చేస్తుంది, మరోటి పాట బీట్ విని రంగు మారుస్తుంది. ఇవన్నీ అప్పటికప్పుడు జరగాలి. ముందే రెండర్ చేసి పెట్టుకోవడం అనేది లేదు.

సెకనుకి 60 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేముకి మనకి దొరికే టైమ్ దాదాపు 16.7 మిల్లీ సెకన్లు. ఆ కాస్త టైమ్‌లోనే వీడియో విప్పాలి, ఎఫెక్టులు వేయాలి, అన్నీ కలపాలి, తెరకి పంపాలి. ఒక్క పని ఆలస్యమైనా ఆ ఫ్రేము పోయినట్టే. బస్సు వెళ్లిపోయాక స్టాండ్‌కి పరిగెత్తినట్టు ఉంటుంది.

మీ ఫోన్ పరిస్థితి అలా కాదు. గ్యాలరీలో వీడియో నొక్కితే ఫోన్ చేసేది ఆ ఒక్క పనే. అందులో వీడియో విప్పడానికే ప్రత్యేకంగా ఒక చిన్న హార్డ్‌వేర్ భాగం ఉంటుంది. పైగా వీడియో వరసగా ముందుకే వెళ్తుంది కాబట్టి, రాబోయే ఫ్రేముల్ని కొన్ని ముందే విప్పి పక్కన పెట్టుకుంటుంది. అందుకే అంత సాఫీగా ఆడుతుంది. కాబట్టి ఫోన్‌లో బాగా ఆడిందంటే స్టేజీ మీద కూడా ఆడుతుందని అర్థం కాదు. నేను చేసిన మొదటి తప్పు అదే.

డబ్బా వేరు, లోపల కూర వేరు

ఇప్పుడు ఫార్మాట్ అన్న మాట. చాలామంది "నా వీడియో ఎంపీ4 అన్నా, వాడొచ్చా?" అని అడుగుతారు. ఎంపీ4, ఎంఓవీ అనేవి టిఫిన్ క్యారియర్ లాంటివి. లోపల ఉన్నది పప్పా, పులుసా అనేది డబ్బా చూసి చెప్పలేం కదా. లోపలి కూర పేరు కోడెక్. ఒకే ఎంఓవీ డబ్బాలో హెచ్.264 ఉండొచ్చు, ప్రోరెస్ ఉండొచ్చు, హ్యాప్ ఉండొచ్చు. ఫైల్ పేరు చివర ఎంపీ4 తీసేసి ఎంఓవీ అని మారిస్తే డబ్బా మీద స్టిక్కర్ మారుతుందే తప్ప కూర మారదు. మనం ఎంచుకోవాల్సింది కోడెక్‌ని.

హెచ్.264 ఖాతా పుస్తకం

మన ఫోన్లు తీసే వీడియోలు ఎక్కువగా హెచ్.264 లేదా హెచ్.265. రెండోదాన్నే హెచ్ఈవీసీ అని కూడా అంటారు. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది, హెచ్.265 2013లో. రెండింటి లక్ష్యం ఒకటే, తక్కువ సైజులో మంచి బొమ్మ. ఇంటర్నెట్‌లో పంపడానికి, ఫోన్‌లో దాచుకోవడానికి ఇవి అద్భుతం. మరి ఇబ్బంది ఎక్కడ?

కిరాణా కొట్లో ఖాతా పుస్తకం గుర్తుందా? నెల మొదట్లో షావుకారు మొత్తం బాకీ ఒకసారి పూర్తిగా రాస్తాడు. ఆ తర్వాత రోజూ ఏం తీసుకున్నామో అదే రాస్తాడు. ఇవాళ పంచదార, రేపు నూనె. 23వ తేదీ నాటికి మొత్తం బాకీ ఎంత అని అడిగితే, ఆ ఒక్క లైను చూసి చెప్పలేడు. మొదటి నుంచి కూడుకుంటూ రావాలి.

హెచ్.264 కూడా అంతే. పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేముని ఐ ఫ్రేము అంటారు. దాని తర్వాత వచ్చే పీ ఫ్రేముల్లో ముందు ఫ్రేముతో పోలిస్తే ఏం మారిందో అంతవరకే ఉంటుంది. ఇంకా బీ ఫ్రేములని ఉంటాయి. అవి వెనకటి ఫ్రేముల్నే కాదు, రాబోయే ఫ్రేముల్ని కూడా చూసి లెక్క కట్టుకుంటాయి. ఒక ఐ ఫ్రేము నుంచి ఇంకో ఐ ఫ్రేము దాకా ఉన్న గుంపుని జీఓపీ అంటారు.

ఆ గుంపు ఎంత పొడుగు? హెచ్.264 తయారు చేయడానికి ఎక్కువగా వాడే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో మనం ఏం మార్చకపోతే గరిష్ఠంగా 250 ఫ్రేములు. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో అది 10 సెకన్లు. సీన్ మారిన చోట ఐ ఫ్రేము మధ్యలోనే పడుతుంది అనుకోండి. కానీ ఒకే మనిషి కెమెరా ముందు కూర్చుని మాట్లాడే వీడియోలో సీన్ మారదు కదా. గుంపులో 240వ ఫ్రేము దగ్గరికి నేరుగా గెంతమంటే, పాపం కంప్యూటర్ ఆ గుంపు మొదటికి వెళ్లి వరసగా లెక్క కట్టుకుంటూ రావాలి. వెనక్కి ఆడించమంటే ఇంకా కష్టం.

నేనేం చేశాను? నలభయ్యో సెకనుకి గెంతమన్నాను. అది కూడా 4కే హెచ్.265 ఫైల్. అదే సమయంలో వెనకాల రెండు లూప్ వీడియోలు ఆడుతున్నాయి, అవీ హెచ్.264వే. పైన పూలరేకుల ఎఫెక్ట్. తెర బిగుసుకోక ఏమవుతుంది?

మీకు అనుమానం ఉంటే ఇప్పుడే మీ ఫోన్‌లో చూడండి. గ్యాలరీలో ఒక పొడుగు వీడియో తెరిచి కింద ఉన్న గీతని వేలితో గబగబా ముందుకీ వెనక్కీ లాగండి. బొమ్మ మీ వేలు వెంట అంతే చురుగ్గా రాకుండా అక్కడక్కడా తడబడటం చూస్తారు. స్టేజీ మీద మనం వీడియోతో చేసేది ఇలాంటి పనే, గెంతించడం, వెనక్కి తిప్పడం, వేగం మార్చడం.

ఇంకో బరువు కూడా ఉంది. సీపీయూ వీడియోని విప్పాక ఆ బొమ్మని గ్రాఫిక్స్ కార్డుకి, అంటే జీపీయూకి పంపాలి. 4కే బొమ్మలో 3840 ఇంటూ 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు వేసుకుంటే ఒక ఫ్రేముకే 33 ఎంబీ. సెకనుకి 30 సార్లు ఆ మూట మోయాలి. జీపీయూలో కూడా హెచ్.264 విప్పే హార్డ్‌వేర్ ఉంటుంది, దాన్ని వాడుకునే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ఒకే వీడియో ముందుకి సాగేటప్పుడు అది బాగా పనిచేస్తుంది. కానీ ఖాతా పుస్తకం గొడవ మాత్రం అలాగే ఉంటుంది.

హ్యాప్: ముగ్గు లెక్క

ఇప్పుడు అసలు హీరో. దాని పేరు హ్యాప్. వీడీఎంఎక్స్ అనే వీజే సాఫ్ట్‌వేర్ చేసే విడ్‌వాక్స్ వాళ్ల తోడ్పాటుతో టామ్ బటర్‌వర్త్ అనే డెవలపర్ దీన్ని తయారు చేశారు. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. టచ్‌డిజైనర్, మ్యాక్స్, ఇంకా చాలా సాఫ్ట్‌వేర్లు దీన్ని చదువుతాయి.

దీని వెనక ఉన్న ఐడియా వీడియో గేముల నుంచి వచ్చింది. గేముల్లో గోడలు, నేల, బట్టలు, అన్నిటికీ బొమ్మలు కావాలి. వాటిని కుదించి పెట్టడానికి 1990ల చివర్లో ఎస్3 అనే గ్రాఫిక్స్ కంపెనీ ఒక పద్ధతి కనిపెట్టింది. అందులో ఒక రకం పేరు డీఎక్స్‌టీ1. ఆ కుదించిన బొమ్మని జీపీయూ విప్పకుండా, ఉన్నదున్నట్టుగా చదివేస్తుంది.

ఎలాగంటే, ముగ్గు చుక్కలు ఊహించుకోండి. నాలుగు వరసలు, వరసకి నాలుగు చుక్కలు. మొత్తం 16. బొమ్మని ఇలాంటి గళ్లుగా కోస్తారు. ఒక్కో గడికి రెండే రంగులు ఇస్తారు. ఆ రెండిటినీ రెండు పాళ్లలో కలిపితే మధ్యలో ఇంకో రెండు ఛాయలు వస్తాయి. మొత్తం నాలుగు. ఇక ప్రతి చుక్కకీ ఆ నాలుగిట్లో ఏది వేయాలో ఒక నంబర్. అంతే. రెండు రంగులకి 4 బైట్లు, 16 చుక్కల నంబర్లకి 4 బైట్లు, మొత్తం 8 బైట్లు. కుదించకపోతే 16 పిక్సెళ్లకి 48 బైట్లు అయ్యేవి. ఆరో వంతు అయిపోయింది.

హ్యాప్ దీని పైన స్నాపీ అనే చాలా తేలికైన కుదింపు ఇంకోటి వేస్తుంది. ఆడించేటప్పుడు సీపీయూ ఆ పై పొర విప్పి, మిగిలింది జీపీయూకి అందిస్తుంది. ఇందాక 33 ఎంబీ మోసిన చోట ఇప్పుడు 4 ఎంబీ పైచిలుకు. పైగా ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. ఖాతా పుస్తకం లేదు. గెంతినా, వెనక్కి తిప్పినా, ఎక్కడ కావాలంటే అక్కడ ఒక్క ఫ్రేము తీసుకుంటే చాలు.

హ్యాప్‌లో మూడు రకాలు గుర్తుపెట్టుకోండి. మామూలు హ్యాప్, అన్నిటికన్నా చిన్నది. హ్యాప్ ఆల్ఫా, వెనక భాగం పారదర్శకంగా ఉండాలంటే. పేర్లు, లోగోలు, రాలే పూలు ఇలాంటివాటికి. హ్యాప్ క్యూ, క్వాలిటీ ఎక్కువ, సైజు కూడా సుమారు రెట్టింపు. మామూలు హ్యాప్‌లో గడికి నాలుగే ఛాయలు అన్నాను కదా, అందుకే ఆకాశం లాంటి చోట్ల, ముఖం మీద వెలుగునీడల దగ్గర రంగు మెట్లు మెట్లుగా కనిపించొచ్చు. ముఖాలుంటే హ్యాప్ క్యూ వాడండి.

ఉచితంగా ఏదీ రాదు

మరి అందరూ హ్యాపే వాడొచ్చు కదా? వాడొచ్చు, కానీ సైజు. లెక్క వేద్దాం. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920 ఇంటూ 1080. మామూలు హ్యాప్‌లో పిక్సెల్‌కి అర బైటు. ఒక ఫ్రేము సుమారు 1 ఎంబీ. సెకనుకి 30 ఫ్రేములైతే 31 ఎంబీ. హ్యాప్ క్యూ అయితే 62 ఎంబీ. స్నాపీ వల్ల ఇంకొంచెం తగ్గుతుంది, ఎంత తగ్గుతుందనేది బొమ్మని బట్టి. 10 నిమిషాల హ్యాప్ వీడియో 18 జీబీ దాకా వెళ్లగలదు. ఫోన్ వీడియోలు చూసిన కళ్లకి ఇది భయంకరమే.

అంటే ఇక్కడ సీపీయూ మీద ఉన్న బరువు డిస్క్ మీదకి మారింది. హ్యాప్ క్యూ ఫుల్ హెచ్‌డీ లేయర్లు నాలుగు ఒకేసారి ఆడితే సెకనుకి దాదాపు 250 ఎంబీ చదవాలి. పాత తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకి 100, 150 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాకా ఇస్తుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అంతకన్నా ఎన్నో రెట్లు. ఇక యూఎస్‌బీ 2 పెన్ డ్రైవ్ నుంచి నేరుగా ఆడించడం మర్చిపోండి. పెన్ డ్రైవ్ మోసుకెళ్లడానికే. ఏ ఫైల్ అయినా ముందు లాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీలోకి కాపీ చేశాకే ఆడించండి.

ముందు గోడని లెక్కపెట్టండి

ఇక్కడే చాలామంది డబ్బు, టైమ్ రెండూ పోగొట్టుకునే పాయింట్. "4కే ఉంటేనే క్లియర్‌గా ఉంటుంది" అనుకుంటారు. ఎల్ఈడీ వాల్ వేసే అన్నని అడగండి, పిచ్ ఎంత, ప్యానెళ్లు ఎన్ని అని. 3.91 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న అర మీటరు ప్యానెల్‌లో అడ్డంగా 128, నిలువుగా 128 పిక్సెళ్లు ఉంటాయి. అడ్డంగా 10, నిలువుగా 6 ప్యానెళ్లు పెట్టారనుకోండి. అంటే 5 మీటర్లు ఇంటూ 3 మీటర్ల గోడ, చూడటానికి పెద్దదే. కానీ పిక్సెళ్లు ఎన్ని? 1280 ఇంటూ 768. అంతే!

నేను ఆ రోజు 83 లక్షల పిక్సెళ్ల వీడియోని 10 లక్షల లోపు పిక్సెళ్లున్న గోడ మీద వేశాను. ఏడు వంతుల పని వృథా. ఎవరికీ కనపడలేదు కూడా. అదే వీడియోని గోడ సైజుకి తగ్గించి హ్యాప్ క్యూలోకి మార్చి ఉంటే సెకనుకి 30 ఎంబీ కూడా అయ్యేది కాదు.

ఒక చిన్న జాగ్రత్త. హ్యాప్ గళ్లు నాలుగు ఇంటూ నాలుగు కాబట్టి వెడల్పు, ఎత్తు రెండూ 4తో భాగించబడేలా పెట్టుకోండి. 1280, 768 రెండూ సరిపోతాయి.

ఇంకో మాట. టచ్‌డిజైనర్ ఉచిత వెర్షన్‌లో రిజల్యూషన్ 1280 ఇంటూ 1280 దాటదు. నేర్చుకోవడానికి ఇది చాలు. కానీ డబ్బులు తీసుకుని చేసే పనికి ఉచిత వెర్షన్ వాడకూడదు, లైసెన్స్ కొనాలి. ఇది ముందే తెలుసుకుని మీ రేటులో కలుపుకోండి.

ఫ్రేము లెక్క తప్పితే

అన్నీ సరిగ్గా చేసినా వీడియో కొంచెం వణికినట్టు ఉంటోందా? అప్పుడు ఫ్రేము రేటు చూడండి. ఎల్ఈడీ వాల్, ప్రొజెక్టర్ ఎక్కువగా సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తాయి. 30 ఫ్రేముల వీడియో అయితే ఒక్కో ఫ్రేమునీ రెండేసి సార్లు చూపిస్తే సరిపోయింది. సినిమా 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అర ఫ్రేము చూపించలేం కాబట్టి ఒకటి రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు. అందుకే నెమ్మదిగా పక్కకి జరిగే షాట్లలో ఆ కుదుపు. అది కోడెక్ తప్పు కాదు. కొత్తగా చేసుకునే లూప్‌లు 30 లేదా 60 ఫ్రేముల్లో చేసుకోండి.

ఫోన్ వీడియోల్లో ఇంకో చిక్కు. వెలుతురు తగ్గినప్పుడు, ఫోన్ వేడెక్కినప్పుడు ఫ్రేము రేటు కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. మార్చేటప్పుడు స్థిరమైన ఫ్రేము రేటు పెట్టండి. లేకపోతే మాటకీ పెదాలకీ పొంతన తప్పుతుంది.

మరి ఎప్పుడు ఏది?

క్లుప్తంగా చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకే పొడుగు వీడియో, మొదలుపెడితే చివరిదాకా ముందుకే ఆడేది, మీద పెద్ద ఎఫెక్టులు లేనిది: హెచ్.264 చాలు. హెచ్.265 కన్నా ఇదే నయం.

రెండు మూడు లేయర్లు, గెంతులు, వేగం మార్పులు, బీట్‌కి కట్‌లు: హ్యాప్.

ముఖాలు, ఫొటోలు, మెత్తటి రంగులు: హ్యాప్ క్యూ.

వెనకాల ఖాళీ కనపడాల్సిన పేర్లు, లోగోలు: హ్యాప్ ఆల్ఫా. మామూలు హెచ్.264 ఫైల్‌లో పారదర్శకత ఉండదు.

రెజొల్యూమ్ వాడేవాళ్లకి: వాళ్లదే డీఎక్స్‌వీ అనే కోడెక్ ఉంది. అదీ జీపీయూ కోసం చేసిందే.

ప్రోరెస్: ఎడిటింగ్‌కి, ఒరిజినల్ దాచుకోవడానికి చాలా మంచిది. ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే. కానీ దాన్ని విప్పే పని ఎక్కువ లాప్‌టాప్‌లలో సీపీయూ మీదే పడుతుంది. ఎడిటర్ ప్రోరెస్ ఇస్తే తీసుకోండి, దాంట్లోంచి హ్యాప్ చేసుకోండి.

మార్చడం ఎలా?

షట్టర్ ఎన్‌కోడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీడియో అందులో పడేసి, కోడెక్ లిస్టులో హ్యాప్ ఎంచుకుని, సైజు పెట్టి నొక్కడమే. కమాండ్లు అలవాటున్నవాళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడొచ్చు. అందులో కోడెక్ హ్యాప్ అని, దాని ఫార్మాట్ హ్యాప్ క్యూ అని ఇచ్చి ఫైల్‌ని ఎంఓవీగా సేవ్ చేయాలి. పెద్ద సైజు వీడియో అయితే చంక్స్ అనే ఆప్షన్‌లో 4 పెట్టండి. ఒక్కో ఫ్రేముని నాలుగు ముక్కలుగా దాస్తుంది, సీపీయూలోని కోర్లు తలా ఒకటి పంచుకుని విప్పుతాయి.

మార్చిన ఫైల్ మీ ఫోన్ గ్యాలరీలో తెరుచుకోకపోవచ్చు. పాడైందేమో అని కంగారుపడకండి. అది ఫోన్ కోసం చేసింది కాదు.

ఒక తమ్ముడు అడిగాడు, "వాట్సాప్‌లో వచ్చిన వీడియోని హ్యాప్ చేస్తే క్లారిటీ పెరుగుతుందా అన్నా?" అని. పెరగదు తమ్ముడూ. పోయిన వివరం తిరిగి రాదు. సాఫీగా ఆడుతుంది, అంతే. అందుకే పెళ్లివాళ్లని వీడియో అడిగేటప్పుడు, "డాక్యుమెంట్‌గా పంపండి ఆంటీ" అని చెప్పండి. లేదా కేబుల్ పెట్టి నేరుగా తీసుకోండి.

ముందురోజు చేయాల్సిన పరీక్ష

వీడియోని ఒంటరిగా పరీక్షించకండి. ప్రాజెక్ట్ మొత్తం నడుస్తుండగా, అన్ని ఎఫెక్టులూ ఆన్‌లో ఉండగా, అసలు తెర సైజులో కనీసం అరగంట నడపండి. ఛార్జర్ పెట్టే నడపండి, బ్యాటరీ మీద లాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది. టచ్‌డిజైనర్‌లో పెర్ఫార్మెన్స్ మానిటర్ ఉంది, ఏ డబ్బా ఎన్ని మిల్లీ సెకన్లు తింటోందో చూపిస్తుంది. మొత్తం 16 దాటుతుంటే ముందు ఎక్కువ తినేదాని సంగతి చూడండి. ముఖ్యమైన క్లిప్‌ని బటన్ నొక్కినప్పుడు తెరవకండి, ముందే ప్రీలోడ్ చేసి ఉంచండి. మధ్యలోంచి కావాలంటే ఆ ముక్కనే కోసి వేరే ఫైల్ చేసుకోండి. నలభై సెకన్లు గెంతే పని ఉండదు.

ఇక ఆ రిసెప్షన్ సంగతి. భోజనాలయ్యాయి, జనం వెళ్లిపోయారు, డెకరేషన్ వాళ్లు పూలు విప్పుతున్నారు. ఎల్ఈడీ అన్నని ఇంకో పది నిమిషాలు తెర ఆపొద్దని బతిమాలాను. పూలరేకులు, లూప్‌లు అన్నీ ఆపేసి, ఆ వీడియో ఒక్కటే మొదటి నుంచి పెట్టాను. ఒక్క ఫ్రేము కూడా ఆగలేదు. ఫైల్‌లో ఏ లోపమూ లేదని, నేను దాని నెత్తిన పెట్టిన బరువే తప్పని నాకు అప్పుడే అర్థమైంది. తల్లీ కూతుళ్లిద్దరూ స్టేజీ కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని మొత్తం చూశారు. "ఇంకొక్కసారి వెయ్యి బాబూ" అన్నారు అమ్మగారు. వేశాను.

ఆ రోజు మిగిలిన డబ్బులు నేను అడగలేదు. వాళ్లే మర్నాడు పంపారు.

సరే ఫ్రెండ్స్, మీకు ఒక హోమ్‌వర్క్. మీ ఫోన్‌లో తీసిన అర నిమిషం వీడియో ఒకటి తీసుకోండి. హెచ్.264లో ఒకటి, హ్యాప్‌లో ఒకటి చేసుకోండి. టచ్‌డిజైనర్‌లో మూవీ ఫైల్ ఇన్ అనే డబ్బాలు రెండు పెట్టి, రెండింటినీ వెనక్కి ఆడించి చూడండి. మీ లాప్‌టాప్‌లో ఎంత తేడా వచ్చిందో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ వీడియోకి పాట బీట్‌ని ఎలా కలపాలో చేసి చూపిస్తాను. అంతవరకూ సెలవు, ఉంటాను.